ఎండు, ఎండబెట్టు, ఎండగొట్టు: దర్శి పొలాల మాటలో క్రియాధాతువు

తెలుగు క్రియాపదాన్ని వివరించేటప్పుడు వ్యాకర్తల చూపు సాధారణంగా పదాంతం మీదనే నిలుస్తుంది. కాలం, పురుష, వచనం, మహదమహద్భేదం అన్నీ ప్రత్యయాల పనే గనుక క్రియారూపచర్చ అంటే ప్రత్యయచర్చ అన్న భావం స్థిరపడింది. బాలవ్యాకరణం (1858) క్రియాపరిచ్ఛేదం నుంచి నేటి పాఠ్యపుస్తకాల పట్టికల దాకా ధాతువు మొదటి గడిలో మౌనంగా కూర్చుంటుంది. మార్పులన్నీ దాని కుడివైపున జరుగుతాయి. పట్టికకు ఇది సౌకర్యమే. కాని ఒక పని తనంతట తాను జరిగిందా, ఎవరైనా చేశారా అన్న ప్రశ్నకు తెలుగు ముందుగా సమాధానం చెప్పేది ప్రత్యయంతో కాదు, ధాతువుతో. పత్తి, మిరప పండించే దర్శి ప్రాంతపు సేద్యభాషను చెవియొగ్గి వింటే ఈ సంగతి తేటపడుతుంది. ఆ సమాధానం అక్కడి రైతుకూ కూలీకీ కేవలం వ్యాకరణవిషయం కాదన్న సంగతీ తెలుస్తుంది.

పత్తిచేలో ‘కాయ పగిలింది’ అంటారు. అదే చేలో ‘కోడలు రెండు సాళ్ళు ఏరింది’ అంటారు. పగిలింది, ఏరింది – రెండింటికీ తుది ఒక్కటే. ఏకవచనంలో స్త్రీవాచకం అమహద్వాచకాలతో కలిసి ‘-ఇంది’ని పంచుకుంటుందన్నది అందరూ ఎరిగినదే. బహువచనానికి వచ్చేసరికి ‘ఏరారు’, ‘పగిలాయి’ అని మనుషులు ఒకవైపు, మిగిలినవన్నీ మరొకవైపు చేరతాయి. ఈ విభాగాన్ని వ్యాకరణాలు విపులంగా చర్చించాయి. అయితే ఏకవచనంలో ప్రత్యయం స్త్రీనీ పత్తికాయనూ ఒకే గాటన కట్టినప్పుడు వాటిని మళ్ళీ విడదీసేది ఏది? ధాతువే. ‘పగులు’ తనకు లోనైనదాన్ని కర్తృస్థానంలో నిలుపుకొంటుంది. ‘ఏరు’ చేయి ఆడించే మనిషిని కోరుతుంది. పత్తితీత దాదాపు పూర్తిగా స్త్రీల పని కావడం వల్ల ఈ ‘-ఇంది’ ఆ పొలాల్లో రోజంతా వినిపిస్తుంది. కూలి లెక్క కట్టవలసింది ఏ ‘-ఇంది’కో చెప్పేది దాని ముందున్న రెండక్షరాలు.

తెలుగు ధాతువుల్లో ఈ అకర్మక సకర్మక భేదం ఎంత లోతుగా ఉన్నదో గ్రహించడానికి జంటలను చూడాలి. తెగు–తెంచు, వంగు–వంచు, మునుగు–ముంచు, దిగు–దించు, పెరుగు–పెంచు, రాలు–రాల్చు, కాలు–కాల్చు, కూలు–కూల్చు, నిండు–నింపు, తడియు–తడుపు. వీటిలో రెండవదాన్ని మొదటిదానికి ప్రేరణరూపమని చెప్పి ఊరుకోవడం చాలదు. ‘ఇంచు’ చేరి ఏర్పడే కోయించు, ఏరించు వంటివి సాధన జరిగిన తీరును స్పష్టంగా చూపుతాయి. తెంచు, ముంచు వంటివి చూపవు. అక్కడ ధాతువు తుదిహల్లే మారి, లోపలి నుంచి రూపం తిరిగింది. ఇది తెలుగు తానుగా కల్పించుకొన్న పద్ధతి కాదు, ద్రావిడభాషలన్నింటికీ ఉన్న ఉమ్మడి ఆస్తి. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో వెలువరించిన తెలుగు ధాతువుల తులనాత్మక గ్రంథానికి పునాది ఇదే: ధాతువును ముక్కలు చేసి, తుది హల్లులను మూలద్రావిడ ప్రత్యయాలదాకా వెనక్కి నడిపించడం. అంతకు ఒకటిన్నర శతాబ్దం ముందు, 1816లో, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ రాసిన పీఠికలో తెలుగు సంస్కృతజన్యం కాదని నిరూపించడానికి ఎన్నుకొన్న సాక్ష్యం కూడా ధాతువులే. నామాలు ఇల్లిల్లూ తిరిగి వస్తాయి. ధాతువులు అంత సులభంగా గడప దాటవు. ఈ సంగతి ఎల్లిస్‌కు తెలుసు.

దర్శి రైతు నోట ఎక్కువగా పనిచేసే ధాతువు బహుశా ‘ఎండు’. మిరపకాయ ఎండాలి, మిరపచెట్టు ఎండకూడదు. ఒకే ధాతువు ఒక నెలలో వరం, మరొక నెలలో శాపం. అందువల్లనే దాని చుట్టూ ఒక చిన్న కుటుంబం పెరిగింది. కోసిన కాయను కల్లంలో ఎండబోస్తారు. తడి తగిలిన విత్తనాన్ని ఎండబెడతారు. నీళ్ళు లేక చేను ఎండిపోతుంది. ఇవ్వవలసిన నీళ్ళు ఇవ్వనివారు చేనును ఎండగొడతారు. ఆ తరువాత వారి తప్పును ఊరు ఎండగడుతుంది. పోయు, పెట్టు, పోవు, కొట్టు, కట్టు – అయిదు సహాయధాతువులు, అయిదు వేరువేరు బాధ్యతలు. వ్యాకరణశాస్త్రం ఎండించు అనే రూపాన్ని సిద్ధం చేసి పెట్టినా నోటికి అది చాలలేదు. ఎండించు అన్నప్పుడు చేసినవాడున్నాడని తెలుస్తుందేగాని, వాడు ప్రేమతో చేశాడో నిర్లక్ష్యంతో చేశాడో తెలియదు. ఎండబెట్టు, ఎండగొట్టు ఆ తీర్పును కూడా మోస్తాయి.

ఇక్కడ ఒక సంధివిషయం గమనించదగినది. ఎండబెట్టు, ఎండగొట్టు రూపాల్లో పకార కకారాలు సరళాలయ్యాయి. ఎండిపోవులో పకారం పరుషంగానే నిలిచింది. కారణం బాలవ్యాకరణం చదివిన ప్రతివారికీ తెలుసు: ‘ఎండన్’ అనే తుమర్థకం ద్రుతాంతం, దాని మీది పరుషం సరళమవుతుంది, ‘ఎండి’ అనే క్త్వార్థకం కళ, దాని మీద ఆ మార్పు లేదు. ద్రుతం నేటి మాటలో ఎక్కడా విడిగా వినబడదు. అది పోయి ఎంతకాలమైనా దాని జాడ మాత్రం బకార గకారాల్లో మిగిలింది. బడి ముఖం చూడని రైతు కూడా ‘ఎండిబోయింది’ అనడు, ‘ఎండపెట్టారు’ అని పొరబడడం అరుదు. ఎండబోయులోని ‘ఎండ’ మాత్రం చర్చకు నిలిచేదే. అక్కడ తుమర్థకం కన్న ‘ఎండలో పోయు’ అనే నామార్థమే బలంగా వినిపిస్తుంది. నామం, క్రియ రెండూ ఒకే రూపంలో కలిసే ఇటువంటి చోట ఒక విశ్లేషణకే పట్టుబట్టడం కంటె రెండింటినీ ఉండనీయడం మేలు.

కొట్టు చేరిన రూపాలు ఈ ఒక్కదానితో ఆగలేదు. పగల్చు వెనుకబడి పగలగొట్టు ముందుకు వచ్చింది. కూల్చు పత్రికలకు చేరువైంది, కూలగొట్టు వీధికి చేరువైంది. ‘వాడు’కు సకర్మకమైన వాడ్చు ఇప్పుడు నిఘంటువుల్లో మాత్రమే కనిపిస్తుంది. ‘గాలి పూత రాల్చింది’, ‘గాలికి పూత రాలింది’ అనే రెండు వాక్యాలూ మిరపతోటలో నేటికీ వినవచ్చు. మొదటిదానిలో గాలి నేరస్థురాలు, రెండవదానిలో కేవలం నిమిత్తం. గూడ, పూత, పిందె రాలడం గురించి మాట్లాడేటప్పుడు ఈ ఎంపిక యాదృచ్ఛికం కాదు. తెగులు సోకిన ఆకు గురించి ‘ముడుచుకుపోయింది’ అంటారు. ముడుచు అనే ధాతువుకు ‘కొను’ చేరి క్రియాఫలం ఆకు మీదికే తిరిగింది. ఎవరూ ముడవలేదు, ఆకే ముడుచుకుంది. నష్టం ఎవరి వల్ల వచ్చిందో తెలియనప్పుడు ‘కొను’ ఒక మర్యాదగల అడ్డుతెర.

ధాతువు ఏ సమాచారాన్ని దాచుకోవాలన్నది భాషభాషకూ మారే నిర్ణయం. కెనడా దేశంలోని క్విబెక్, లాబ్రడార్ ప్రాంతాల్లో సుమారు 10,000 మంది మాట్లాడే ఇన్ను భాష ఆల్గాంకియన్ కుటుంబానికి చెందినది. అక్కడ ధాతువు మొదట అడిగే ప్రశ్న ప్రాణం గురించి. ఒక మనిషినో జంతువునో చూడడానికి ఒక ధాతువు, ఒక వస్తువును చూడడానికి మరొక ధాతువు. అకర్మకాల్లో సైతం ఇంతే: ‘ఎర్రగా ఉండు’ అన్న భావానికి ప్రాణికి ఒక ధాతువు, అప్రాణికి ఒకటి. ఆ లెక్కన క్రియలన్నీ నాలుగు వర్గాలవుతాయి. ప్రాణ్యకర్తృకమైన అకర్మకం, అప్రాణ్యకర్తృకమైన అకర్మకం, ప్రాణికర్మకమైన సకర్మకం, అప్రాణికర్మకమైన సకర్మకం. ప్రత్యయాల వరుస ఏదో తేల్చేది కూడా ఈ వర్గమే. మంచు మీద నడిచే పాదుకల వంటివి ఆ కుటుంబభాషల్లో ప్రాణివర్గంలో చేరడం విశేషం; కనుక ఇది జీవశాస్త్రపు వర్గీకరణ కాదు, వ్యాకరణపు వర్గీకరణ.

ఈ వెలుగులో దర్శి మాటలోని ‘తోలు’ను చూస్తే మన భాష చేసుకొన్న ఏర్పాటు అర్థమవుతుంది. ఎద్దులను తోలతారు, గుంటక తోలతారు, అచ్చు తోలతారు, ఎరువు తోలతారు, గుంటూరు యార్డుకు కాయ తోలతారు. ప్రాణి అయినా జడమైనా ధాతువు ఒక్కటే. ఇన్ను వక్త ఈ చోట రెండు ధాతువులు వెదుక్కోవాలి. అయితే తెలుగులో ప్రాణిభేదం మాసిపోలేదు, స్థానం మార్చుకొంది. ‘ఎద్దులను తోలాడు’ అన్నప్పుడు ద్వితీయావిభక్తి తప్పదు. ‘ఎరువు తోలాడు’ అన్నప్పుడు అవసరం లేదు. జడవాచకాలకు ద్వితీయాస్థానంలో ప్రథమ బహుళంగా వస్తుందని చిన్నయసూరి కారకపరిచ్ఛేదంలో చెప్పినది ఇదే. ఇన్ను భాష క్రియ మొదట్లో పెట్టిన గుర్తును తెలుగు నామం చివర పెట్టింది. ధాతువును మాత్రం కర్తృత్వం కోసం ఖాళీగా ఉంచుకొంది. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చినా ‘మట్టి తోలారు’ అన్న మాట మారలేదు. తోలడానికి పశువు లేకపోయినా తోలేవాడు ఉన్నంతకాలం ఆ ధాతువు నిలుస్తుంది.

అలా నిలవని ధాతువులూ ఉన్నాయి. పత్తికి సంబంధించి ‘ఏకు’ ఒకప్పుడు నిత్యవ్యవహారంలోని క్రియ. దూదిని విడదీసి, పొల్లు తీసి, వడకడానికి అనువుగా చేయడం. మిల్లులు వచ్చి చేతిపని ఆగిపోయాక ఆ క్రియకు కర్తలు లేకపోయారు. నేడు అది ‘దూదేకుల’ అనే జనవాచకంలో సమాసపు తునకగా ఉంది. ఏకై వచ్చి మేకై కూర్చున్న సామెతలో నామంగా ఉంది. ‘ఏకింది, ఏకుతారు, ఏకలేదు’ అనే సజీవమైన రూపావళి మాత్రం లేదు. ధాతువు చచ్చిపోవడమంటే ఇదే. మాట మిగలవచ్చు, తిరగడం ఆగిపోతుంది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయసంపుటం ఎంతటి మహోపకారమో చెప్పనవసరం లేదు. కాని కోశనిర్మాణం సహజంగా నామానికి అనుకూలించే పని. గుంటకకు బొమ్మ గీయవచ్చు, ‘తోలు’కు గీయలేం. పనిముట్ల పేర్లు చేరినంత శ్రద్ధగా వాటి క్రియల రూపావళులు, జంటలు, సహాయధాతువులతో వాటి కూడికలు ఇకనైనా చేరవలసి ఉంది.

కొత్త పనులతో వచ్చిన మాటలు ధాతువులుగా రావడం లేదు; ‘అవు’, ‘చేయు’ అనే రెండు కర్రలు ఊతగా పట్టుకొని వస్తున్నాయి. స్ప్రే చేశారు, లోడు చేశారు, లోడు అయింది, జిన్నింగు అయింది. ఇది భాషాక్షయమని బాధపడేవారున్నారు. ఆ బాధలో సగం న్యాయమే ఉన్నది: మందు ‘కొట్టు’లో ఉన్న చేతివాటం స్ప్రే ‘చేయు’లో లేదు. కాని మిగిలిన సగం పరిశీలనకు నిలవదు. లోడు అయింది–లోడు చేశారు అన్న జంట నిండింది–నింపారు అన్న జంట చేసే పనినే చేస్తున్నది. తుదిహల్లు మార్పుతో, ఆ తరువాత కొట్టు, పెట్టు వంటి సహాయధాతువులతో చెప్పిన భేదాన్నే ఇప్పుడు అవు, చేయు చెబుతున్నాయి. ఈ మూడు పద్ధతులూ ఒకదాని తరువాత ఒకటిగా వరుసకట్టి రాలేదు. ఒకే రైతు ఒకే పూట మూడింటినీ వాడతాడు. అరువు తెచ్చుకొన్న మాటకు కూడా ‘జరిగిందా, చేశారా’ అన్న ప్రశ్నను తగిలించనిదే తెలుగు దాన్ని ఇంట్లోకి రానీయడం లేదు. ధాతుసంపద తరిగినా ధాతువ్యవస్థ తరగలేదు.

ప్రత్యయాల విషయానికి వస్తే దర్శి ఎల్లల మీది ఊరు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా దర్శి నెల్లూరు జిల్లాలోను, తూర్పున ఉన్న అద్దంకి గుంటూరు జిల్లాలోను ఉండేవి. ‘ఉన్నాడు’ వెంట ‘ఉండాడు’, ‘వస్తున్నాడు’ వెంట ‘వత్తన్నాడు’ వినిపించడానికి ఈ సరిహద్దు చాలినంత కారణం. తరగతిగదిలో ఎర్రసిరా ఎక్కువగా పడేది ఇటువంటి రూపాల మీదనే. కావ్యభాషలోని ‘వత్తురు’ను కంఠస్థం చేయించి, పిల్లవాడి ‘వత్తారు’ను కొట్టివేయడంలోని వింతను అధ్యాపకలోకం గమనించాలి. ఈ రెండింటి చరిత్ర ఒకటే అని తేల్చడానికి కాదు. తీర్పుకు ముందు విచారణ ఉండాలని మాత్రమే. క్రీ.శ. 848 నాటిదని పండితులు నిర్ణయించిన పండరంగని పద్యశాసనం అద్దంకిదే. అందులోని భూతార్థక విశేషణం నేటి ‘-ఇన’ రూపమే. ప్రత్యయాలు వెయ్యేళ్ళు నిలిచిన నేలలో అయిదారు మైళ్ళకొకటి మారడం కూడా సహజమే.

అంతకంటె బరువైన విషయం ప్రేరణార్థకానిది. పొలం యజమాని ‘ఈ వారం కాయ కోశాం’ అంటాడు. నిజానికి కోయించాడు. ‘కోయించాం’ అన్న రూపం అతని భాషలో లేక కాదు. కూలిడబ్బుల లెక్క వచ్చినప్పుడు ఆ రూపం వెంటనే వస్తుంది, ‘ఇరవై మందితో కోయించాం’ అని. దిగుబడి చెప్పేటప్పుడు మాత్రం ‘కోశాం, ఏరాం, పండించాం’. సంస్కృతవ్యాకరణ పరిభాషలో యజమాని ప్రయోజకకర్త, కూలి ప్రయోజ్యకర్త. ‘ఇంచు’ ఉన్నంతవరకు ప్రయోజ్యకర్తకు వాక్యంలో ‘చేత’నో ‘తో’నో పట్టుకొని నిలబడే చోటు ఉంటుంది, ‘ఇంచు’ జారిపోతే ఆ చోటు కూడా పోతుంది. ఖర్చులో కనిపించి రాబడిలో కనిపించని మనుషులు వాక్యంలోనూ అలాగే ఉన్నారు. దీన్ని వక్త కపటమని అనడం తొందరపాటు. యజమాని కుటుంబం కూలీలతో కలిసి సాళ్ళలో వంగిన రోజుల్లో ‘కోశాం’ అన్నది నిజమే. పని విడిపోయినా ‘-ఆం’ విడిపోలేదు.

చివరకు వ్యతిరేకరూపం. కావ్యభాషలో ‘కోయనైతిని, కోయఁడయ్యెను, కోయరైరి’ అని భూతవ్యతిరేకంలో కూడా పురుషవచనాలు తెలిసేవి. నేటి మాటలో నేనూ కోయలేదు, ఆమే కోయలేదు, వాళ్ళూ కోయలేదు. ‘లేదు’ అన్నింటినీ ఒకటి చేసింది. అంటే జరగని పనుల విషయంలో తెలుగు క్రియాపదం తన తుదిలో మనిషిని గుర్తుపెట్టదు. అక్కడ బాధ్యత ఎవరిదో సూచించే శక్తి ఇక ధాతువుకే మిగిలింది. సాగర్ కుడికాలువ చివరి ఆయకట్టు భూముల్లో ఈ వ్యాకరణం ఏటా పరీక్షకు వస్తుంది. 1967లో కాలువలకు నీరు వదిలిన నాటినుంచీ చివరి భూముల మాట ఒకటే: నీళ్ళు అందాయా, లేదా. ఎండిన చేను గట్టు మీద ఒకరు ‘నీళ్ళు రాలేదు’ అంటారు. పక్కనున్నవారు ‘వదల్లేదు’ అంటారు. కాగితం మీద అది ‘నీరందక పంట ఎండింది’ అవుతుంది. ‘అందించక’ అని రాయడానికి ఒక్క అక్షరమే ఎక్కువ. వచ్చు, అందు, ఎండు – ఈ మూడు అకర్మకాలతో ఏర్పడిన వాక్యంలో ఎవరి ప్రమేయమూ లేదు. వదులు, అందించు, ఎండగొట్టు అన్న మూడు సకర్మకాలతో అదే సంగతి చెప్పినప్పుడు కర్తృపదం ఎక్కడా లేకపోయినా కర్త ఉన్నాడు. ‘లేదు’ అతని పేరు, సంఖ్య, లింగం దాచిపెట్టినా ధాతువు అతన్ని దాచలేదు. అందుకే గట్టు మీద ఆ రెండో మనిషి ‘రాలేదు’ అన్న మాటను ప్రతిసారీ సరిదిద్దుతాడు: రాకపోవడమేంటి, వదల్లేదు.